ఖలాసీ కొడుకు చెవులు

దల్మా కొండల్లో కీచురాళ్ళు చచ్చిపోయాయని మూడేళ్ళపాటు నేను అందరితో వాదించాను. సెలవు మీద జంషెడ్‌పూర్ వచ్చిన ప్రతిసారీ రెండు రోజులు తిరక్కుండానే ఆ కొండెక్కడం నాకు అలవాటు. బడి ఎగ్గొట్టి సువర్ణరేఖలో ఈదిన రోజుల నుంచీ అంతే, ఇంట్లో కంటే అడవిలోనే నాకు ఊపిరి బాగా ఆడుతుంది. ఒకప్పుడు ఆ సాలచెట్ల కింద కూర్చుంటే కీచురాళ్ళ రొదకు చెవులు గింగురుమనేవి. తర్వాత తర్వాత ఆ చప్పుడే లేకుండా పోయింది. ఈ ఊరి పొగగొట్టాలే వాటిని మింగేశాయని తీర్మానించుకున్నాను. పురుగు బతకని చోట మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడని మెస్సులో తోటివాళ్ళ దగ్గరా, రైల్లో ఎదురు బెర్తు వాళ్ళ దగ్గరా ఉపన్యాసాలు దంచేవాణ్ణి. ఆకాశం నుంచి చూసేవాడు కదా, నిజమే చెబుతున్నాడేమోనని వాళ్ళూ తలలాడించేవారు.

నేను ఎయిర్ ఫోర్సులో హెలికాప్టర్ నడిపేవాణ్ణి. ఎనభైల మొదట్లో ఒక ఏడాది, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆరు వారాల సెలవు మీద బిర్సానగర్‌లో మా నాన్న కట్టుకున్న ఇంటికి వచ్చాను. మూడో రోజు నా భార్యను కూడా దల్మాకు తీసుకెళ్ళాను. ఆమె టాటానగర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. అడవంటే పెద్ద మోజు లేదు, నా మాట కాదనలేక వచ్చింది. సగం కొండెక్కి ఒక బండ మీద కూర్చున్నాం. సంచీలోంచి మరమరాల పొట్లం తీస్తూ ఆమె మొహం చిట్లించింది.

"కాసేపు పైకి పోదాం పదండి. ఈ కీచురాళ్ళ గోలకి బుర్ర పగిలిపోతంది."

నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. నా ఉపన్యాసం ఆమె ఎన్నిసార్లో విన్నది మరి. "ఎక్కడే కీచురాళ్ళు?" అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. తర్వాత నా మొహం చూసి నవ్వడం మానేసింది.

"ఏటండీ, నిజంగా ఇనపడ్డం నేదా?"

లేచి వెళ్ళి పక్కనున్న చెట్టు మొదలు చూపించింది. బెరడు మీద బొటనవేలంత పురుగు, బెరడు రంగులోనే ఉంది. దాని పొట్ట గడగడా వణుకుతోంది. జానెడు దూరంలో చెవి పెట్టాను. గాలి కదిలిన చప్పుడు వినిపించింది, దూరంగా లారీ ఏదో ఘాట్ ఎక్కుతున్న మూలుగు వినిపించింది. పురుగు మాత్రం మూగగా వణుకుతోంది. నా భార్య రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉంది.

అక్కడే చతికిలబడ్డాను. అది మామూలు సెలవు కాదని అప్పుడు ఆమెకు చెప్పాను. ఏటా జరిగే వైద్య పరీక్షలో డాక్టరు నా చెవులు చూసి, గీత గీసిన కాగితం ఒకటి నా ముందు పెట్టాడు. సన్నటి శబ్దాల దగ్గరికి వచ్చేసరికి ఆ గీత నూతిలో పడ్డట్టు దిగిపోయింది. పదకొండేళ్ళు ఇంజను రొదలో కూర్చున్న ఫలితం అన్నాడు. ఆరు వారాలు చప్పుడుకి దూరంగా ఉండి రా, మెడికల్ బోర్డు వాళ్ళు మళ్ళీ చూస్తారు, అప్పుడూ ఇలాగే ఉంటే ఇక ఎగరనివ్వరు అన్నాడు. నేను నమ్మలేదు. వాడి మెషీన్‌ది తప్పనుకున్నాను. డాక్టరు మీద నాలుగు రోజులు మండిపడ్డాను కూడా. ఆ పురుగు మీద మండిపడటానికి నాకు ఏ దారీ దొరకలేదు.

అన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదంటే కారణం ఉంది. మా నాన్న ఖలాసీ. శ్రీకాకుళం వైపు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో వచ్చి, ఈ ఊళ్ళో ఒక ఫౌండ్రీలో క్రేన్ కింద నిలబడ్డాడు. ఖలాసీ అంటే బరువుకు గొలుసు కట్టి, పైన గూట్లో కూర్చున్న డ్రైవరుకు చేతులతో సైగ చేసేవాడు. హాబిస్ అంటే ఎత్తు, ఆరియా అంటే దించు. ఆ రొదలో నోటిమాటకు విలువ లేదు కాబట్టి అంతా చేతులతోనే. ముప్పై అయిదేళ్ళలో ఆయన చెవులు పోయాయి, సైగలు మాత్రం ఇంటిదాకా వచ్చాయి. కంచం ముందు కూర్చుని పిడికిలి బిగిస్తే చాలన్నట్టు, చూపుడు వేలు పైకి తిప్పితే ఇంకాస్త వడ్డించమన్నట్టు. ఆయనకు వినపడాలని మా అమ్మ అరిచి అరిచి, ఆవిడ గుసగుస కూడా నాలుగిళ్ళ అవతలికి వినపడేది. పేటలో తెలుగువాళ్ళందరిళ్ళలోనూ ఇదే తంతు. మా దగ్గర చెవుడు రోగం కాదు, సీనియారిటీ. అందరూ అరిచే ఇంట్లో, అందరూ చేతులూపే ఇంట్లో, నాకు తక్కువ వినపడుతోందని ఎవరికి తెలుస్తుంది? నాకే తెలియలేదు.

నా భార్యకు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆ ఏడాది వరదల్లో ఒక నది మధ్య చెట్టు మీద చిక్కుకున్న వాళ్ళను పైకి లాగుతున్నాం. అలాంటప్పుడు పైలట్‌కు కింద ఏం జరుగుతోందో కనపడదు. వెనక తలుపు దగ్గర బోర్లా పడుకున్న మనిషి ఒకడు తాడును చూస్తూ, ఎడమకు, కుడికి, ఆపు, అని చెవిలో చెబుతూ ఉంటాడు. పైలట్‌కు కళ్ళు వాడే. ఆ రోజు వాడు ఆపమంటే నేను ఆపలేదు. రెండోసారి గట్టిగా అరిస్తేగాని నాకు అందలేదు. ఈలోగా తాడు చివరనున్న ముసలాయన్ని కొమ్మల్లోంచి బరబరా ఈడ్చుకుపోయాను. ఒళ్ళంతా గీరుకుపోయింది కాని బతికాడు. కిందికి దిగాక వెనకవాడు నావంక ఒక చూపు చూశాడు. ఫిర్యాదేమీ చెయ్యలేదు. ఆ చూపును మాత్రం నేను ఇంటిదాకా మోసుకొచ్చాను.

అయినా సరే, ఎగరడం వదులుకోవాలని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అనుకోలేకపోయాను అంటే సరిగ్గా ఉంటుంది. నాకు ముప్పై నాలుగేళ్ళు. ఇంకో పని రాదు. మనుషులతో మెత్తగా మెలిగే గుణం ముందే లేదు. నన్ను తీసుకెళ్ళి ఏ స్టోర్సులోనో కుర్చీలో కూర్చోబెట్టి దుప్పట్ల లెక్క చూడమంటే నెల తిరక్కుండా ఎవడినో కొట్టేవాణ్ణి. సోనారీ ఎయిర్‌స్ట్రిప్ వైపు ఏ చిన్న విమానం దిగినా మా అమ్మ వాకిట్లోకి పరిగెత్తి తల పైకెత్తేది. అందులో నేను లేనని ఆవిడకూ తెలుసు. ఖలాసీ కొడుకు ఎయిర్ ఫోర్సు ఆఫీసరయ్యాడని పేటంతా చెప్పుకునే మాటమీద ఆ ఇల్లు నిలబడి ఉన్నట్టు నాకు అనిపించేది. భయంతో పైడితల్లికి మొక్కుకున్నాను, చిన్నప్పుడు పరీక్షలకు కూడా మొక్కనివాణ్ణి. కాసిడీహ్‌లో ఒక హోమియో డాక్టరు దగ్గరికి వెళ్ళి తియ్యటి గోళీలు తెచ్చుకుని రోజుకు నాలుగుసార్లు చప్పరించాను. పొద్దున్నే లేచి చేతి గడియారం చెవికి ఆనించుకునేవాణ్ణి. ముల్లు తిరుగుతూ ఉండేది, టిక్కుమనేది కాదు. దల్మాకు ఒక్కణ్ణే మూడుసార్లు వెళ్ళి అదే చెట్టు మొదట్లో చెవి పెట్టి కూర్చున్నాను. నన్ను చూసినవాళ్ళు పిచ్చివాడనుకుని ఉంటారు. తప్పేమీ లేదు.

నా అవస్థ చూడలేక నా భార్య మా నాన్నతో చెప్పేసింది. ఆయన నన్ను వాకిట్లో నులకమంచం మీద కూర్చోబెట్టుకున్నాడు. జాలిపడతాడేమో, ఓదారుస్తాడేమో అనుకున్నాను. ఆయన అడిగింది ఒకటే.

"ఆ పరీచ్చ ఎలా సేత్తార్రా?"

చెప్పాను. చప్పుడు జొరబడని చిన్న గది. అందులో మనల్ని కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తారు. బయట గాజు కిటికీకి అవతల ఒకడు మెషీన్ ముందు కూర్చుని ఒక్కో శబ్దం పంపిస్తాడు. వినపడినప్పుడు మన చేతిలో మీట నొక్కాలి.

"గాజులోంచి ఆడి సెయ్యి ఔపడద్దా?"

"చెయ్యి కనపడదు. భుజం దాకా కనపడుతుంది."

మా నాన్న మొహం వెలిగిపోయింది. "భుజం సాల్రా బాబూ! గూట్లో డ్రైవరు సెయ్యి నాకేనాడు ఔపడింది? ముప్పయ్యేళ్ళు ఆడి భుజం సూసే కదేటి బతికేను!"

మర్నాటి నుంచి ముందు గదిలో తాలీము మొదలైంది. గాజు తలుపు బీరువా ఎదురుగా నేను చెవుల్లో దూది కుక్కుకుని కూర్చునేవాణ్ణి. ఆయన నా వెనక్కి జరిగి, ఒళ్ళో తువ్వాలు కప్పుకుని, దాని కింద టార్చిలైటు మీట నొక్కేవాడు. అద్దంలో ఆయన భుజం చూసి నేను బల్ల మీద తట్టాలి. మొదటి రోజు సగం తప్పాను. చెయ్యి కదలకముందే మెడ దగ్గర నరం బిగుస్తుందని, ఊపిరి ఆగుతుందని, దాన్ని పట్టుకోవాలని నేర్పాడు. ఊరికే భుజం ఎగరేసి మోసం చేసేవాడు. నేను తడితే తొడ చరుచుకుని నవ్వేవాడు. నాలుగో రోజుకు ఆయన మోసాలు నా దగ్గర సాగలేదు. పదో రోజుకు ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. నా చిన్నప్పుడు ఆయన ఎప్పుడూ డ్యూటీలోనో నిద్రలోనో ఉండేవాడు. మేమిద్దరం కలిసి ఒక పని చెయ్యడం అదే మొదలు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ రోజుల్లో నేను సంతోషంగా ఉన్నాను.

తన సంగతి కూడా అప్పుడే చెప్పాడు, మీసం మెలేస్తూ. రిటైరవడానికి రెండేళ్ళ ముందు నిప్పురవ్వ పడి ఆయన కుడికన్ను చూపు పోయిందట. ఫౌండ్రీలో ఏటా కంటి పరీక్ష. ఆయనకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. వరసలో ముందున్నవాడు పలికిన అక్షరాలను పాటలా కంఠతా పట్టి రెండేళ్ళూ అప్పజెప్పాడట.

"ఎవుడికైనా తెలిసిందా? తెల్లేదు. పూర్తి సర్వీసు సేసే దిగేను."

నా భార్య తలుపు దగ్గర నిలబడి అంతా వింది. "మావయ్యా, అప్పుడు మీకు కన్ను కనపడనప్పుడు క్రేన్ కింద ఎవరూ నేరా?" అని అడిగింది.

ఆయనకు వినపడలేదు అనుకున్నాం. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నందుకు నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. బతుకు పోతుంటే నీతులు చెప్పకన్నాను. అంతకంటే పెద్ద మాటలే అన్నాను, అవి ఇక్కడ రాయను. ఆమె ఏడవలేదు. "మీ హెలికాప్టర్లో ఎనక కూసున్నోళ్ళకి కూడా పెళ్ళాలుంటారు" అని మాత్రం అంది. తర్వాత నేను బయల్దేరేదాకా నాతో మాట్లాడలేదు. నాకు పనికొచ్చిందనే అనుకున్నాను. నిశ్శబ్దంగా సాధన చేసుకోవచ్చు కదా.

బయల్దేరే రోజు మధ్యాహ్నం బండికి మా నాన్న టాటానగర్ స్టేషనుకు వచ్చాడు. వద్దన్నా పెట్టె ఆయనే మోశాడు. ప్లాట్‌ఫారం నిండా జనం. పక్క లైను మీద బొగ్గింజను ఆవిరి వదులుతోంది, కూలీల కేకలు, చాయ్ చాయ్ అని అరుపులు. నేను నవ్వుతూ, "ఆశీర్వదించు నాన్నా, భుజం బాగా కనపడాలని" అన్నాను. ఆయన నవ్వలేదు. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. ఆ రొదలో చెబితే నాకు వినపడదు. వినపడేలా చెబితే ప్లాట్‌ఫారమంతా వింటుంది. తర్వాత పెట్టె కింద పెట్టి చేతులెత్తాడు.

అరచేత్తో కుడికన్ను మూసుకున్నాడు. ఎడమచేతి చూపుడు వేలు పైకి తిప్పాడు, ఎత్తమని. రెండు చేతులూ బారచాపి ఒక పెద్ద పెట్టె ఆకారం చూపించాడు, ఇసుక నింపిన అచ్చు అది. దాన్ని గాల్లో కుడివైపుకు నడిపించాడు. మూసుకున్న కంటి వైపు వేలు పెట్టి, అక్కడ రెండు వేళ్ళు నిలబెట్టాడు. ఒక మనిషి. వేలు కిందికి తిప్పాడు, దించమని. రెండు వేళ్ళ మీదికి అరచెయ్యి దిగిపోయింది. ఆయన వంగి, చేతి అంచుతో తన మోకాలి కింద ఒక్క వేటు కొట్టుకున్నాడు.

"కాలు పోయిందా?" అని అరిచాను. "ఎవరిది?"

పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ ఆ సైగ చెయ్యగా నేను చూడలేదు. మా ఇద్దరి పక్కనుంచి జనం తోసుకుంటూ పోతున్నారు. గొలుసు జారిందని అందరూ అనుకున్నారని సైగ చేశాడు. తన గుండె మీద తట్టుకుని, తల అడ్డంగా ఊపాడు. గొలుసు జారలేదు. ఆ మనిషి అక్కడ ఉన్నట్టు తనకు కనపడలేదు. నేను మా అమ్మ కొప్పులా తల వెనక చెయ్యి చుట్టి చూపించి, తెలుసా అని కనుబొమలెగరేశాను. తెలియదన్నాడు. ఎవరికీ తెలియదన్నాడు. ఆయన మంచి కన్ను కూడా నీళ్ళతో నిండిపోయింది, తుడుచుకోలేదు.

బండి కదిలింది. నేను తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి ఆయన చేతులకేసి చూశాను. వెళ్ళమంటాడో, ఆపమంటాడో, ఏదో ఒకటి చెప్పాలి కదా. చెప్పమని నేనే చెయ్యి ఊపి అడిగాను. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ముప్పై నాలుగేళ్ళలో ఆయన నాకు సైగ చెయ్యకుండా నిలబడగా నేను చూడటం అదే మొదటిసారి. నాకు చాలా కోపం వచ్చింది. నేర్పాల్సిందంతా నేర్పి, నేను ఎక్కే బండి దగ్గరా చెప్పేది ఇది? రెండు రాత్రుల ప్రయాణంలో ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

బోర్డు రోజు ఆ గదిలో కూర్చున్నాను. గాజు అవతల మెషీన్ ముందు కూర్చున్నవాడు పాతికేళ్ళవాడు, మంచివాడిలాగే ఉన్నాడు. భుజం అద్భుతంగా కనపడుతోంది. మా నాన్న నాకు పెట్టిన పరీక్షల ముందు ఇది ఒలిచిన అరటిపండు. మొదటి నాలుగింటికి మీట నొక్కాను. అందులో మూడు విన్నాను. నాలుగోది వినలేదు, భుజం చూసి నొక్కాను. చాలా తేలిక. ఇలా ఇంకో పదేళ్ళు ఎగరొచ్చు.

అయిదోసారి ఆ భుజం కదిలింది. నా బొటనవేలు మీట మీద ఉంది. తాడు చివర వేలాడేవాడికి భుజం ఉండదు. వెనక బోర్లా పడుకుని అరిచేవాడు నాకు ఏ అద్దంలోనూ కనపడడు. ఈ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. నా భార్య చెప్పినప్పుడూ తెలుసు. బొటనవేలు తీసేసి, తలుపు తట్టి, మళ్ళీ మొదటి నుంచి పెట్టమని అడిగాను. కుర్చీని గోడ వైపు తిప్పుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

ముందు మందపాటి శబ్దాలు వచ్చాయి, నొక్కాను. తర్వాత కాస్త సన్నటిది ఒకటి, దానికీ నొక్కాను. తర్వాత అతను ఆపాడు. కాగితం మార్చుకుంటున్నాడేమో అనుకున్నాను. ఎదురుచూశాను. మళ్ళీ కొన్ని మందపాటివి వచ్చాయి, మళ్ళీ ఆగింది. ఈసారి చాలాసేపు ఆగింది. కరెంటు పోయిందేమో అనిపించింది, కాని కళ్ళు తెరవలేదు. నా ఊపిరి నాకు వినపడుతోంది, గుండె కొట్టుకోవడం వినపడుతోంది. తొందరేముంది, అతను మెషీన్ సరిచేసుకుని అసలు పరీక్ష మొదలుపెడతాడులే అనుకుని, మీట పట్టుకుని, మొత్తం మనసంతా చెవుల్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఎవరో భుజం తట్టారు. కళ్ళు తెరిస్తే అతను పక్కన నిలబడి ఉన్నాడు. తలుపు తెరుచుకున్న చప్పుడు కూడా నాకు తెలియలేదు.

"మెషీన్ ఏమైనా పాడైందా?" అని అడిగాను.

"లేదు సార్" అన్నాడు అతను. "రెండు చెవులూ అయిపోయాయి."